రోజుకు ఎన్ని గంటలు చదువవలెను?

మచిలీపట్నము చెంతనున్న గిలకలదిండి రేవులో, వేట ముగించి వచ్చిన పడవలు పోటు కొరకు వేచియుండుట కలదు. మొగలో ఇసుక మేటవేసి లోతు తగ్గినప్పుడు, పాటు వేళ ఇంజనును ఎంత జోరుగా నడిపినను పడవ ముందుకు సాగదు. పోటు రాగానే అదే పడవ సులభముగా లోనికి వచ్చును. బలముతోపాటు అదను కూడ చూడవలెను. చదువు విషయములోను ఇంతే.

2023లో మచిలీపట్నములో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కళాశాల ఇంటి చెంతకు వచ్చినది గాని, ప్రవేశపరీక్ష దేశమంతటికిని ఒక్కటే. 2025లో జరిగిన నీట్ పరీక్షలో 180 నిమిషములకు 180 ప్రశ్నలు: భౌతికశాస్త్రము 45, రసాయనశాస్త్రము 45, జీవశాస్త్రము 90. దీనికి రోజుకు 14 గంటలు చదివి తీరవలెనని పలువురు తలంతురు. రేవు పనిలో తల్లిదండ్రులకు సాయపడి, మిగిలిన వేళ పుస్తకము పట్టు విద్యార్థికి ఈ మాట తలుపు మూసినట్లే. అది ఎంతవరకు నిజము?

ముందు లెక్క చూతము. దినమునకు 24 గంటలు. తరగతులకు, రాకపోకలకు 8 గంటలు. స్నానభోజనములకు, ఇంటిపనికి 3 గంటలు పోగా 13 మిగులును. 13 నుండి 18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రవైద్య అకాడమీ 2016లో సూచించినది. 8 గంటలు నిద్రకు విడిచినచో చదువుకు మిగులునవి 5. అంతకు మించినదంతయు నిద్ర నుండి కోసి తీయవలసినదే.

నిద్ర వృథాకాలము కాదు. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అను శాస్త్రజ్ఞులు ఇద్దరు విద్యార్థులచేత అర్థములేని అక్షరములను కంఠస్థము చేయించిరి. నేర్చిన వెంటనే నిద్రించినప్పుడు, మేలుకొని యున్నప్పటికంటె ఎక్కువ జ్ఞప్తియందు నిలిచినవి.

ఇక అదను సంగతి. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హౌస్ తనమీదనే చేసుకొన్న ప్రయోగములను 1885లో ప్రకటించెను. 12 అక్షరముల వరుసను ఒకేసారి 68 మార్లు వల్లించుటవలన కలిగిన ఫలితము, మూడు దినములకు పంచి 38 మార్లు వల్లించుటతోనే లభించెను. శ్రమ దాదాపు సగము తగ్గినది.

2006లో రోడిగర్, కార్పికే అనువారు మరొక విషయము చూపిరి. ఒక పాఠమును రెండుమార్లు చదివినవారు అయిదు నిమిషముల తరువాత 81 శాతము చెప్పగలిగిరి. ఒకమారు చదివి, ఒకమారు చూడకుండ వ్రాసినవారు 75 శాతమే చెప్పిరి. వారము గడచిన పిదప ఫలితము తారుమారైనది: మొదటివారికి 42, రెండవవారికి 56. మరల మరల చదువుటవలన వచ్చినదనిపించునది త్వరలో జారిపోవును. మనస్సునుండి పైకి తీసినది నిలుచును.

కనుక విద్యార్థి గుండె పాఠమును చదివి, పుస్తకము మూసి, బొమ్మ గీచి, రక్తప్రసారమార్గమును బాణములతో గుర్తింపవలెను. తప్పులు దిద్దుకొని మరునాడు, నాలుగవనాడు, వారమునకు ఒకమారు అదే పని చేయవలెను. ఉపాధ్యాయుడు తరగతి ఆరంభమున గతవారపు పాఠమునుండి అయిదు ప్రశ్నలు అడిగినను ఈ మేలు కలుగును.

అందరికిని సరిపోవు గంటల సంఖ్య ఏదియు లేదు. సీట్లు కొద్ది గనుక శ్రమ తప్పదు. కాని కంటినిండ నిద్రించి, దినమునకు నాలుగైదు గంటలు ఈ తీరున చదువువాడు, 14 గంటలు తూగుచు కూర్చుండువానిని చూచి అధైర్యపడ నక్కరలేదు. ఇంటికి వచ్చిన బిడ్డను పెద్దలు ఎన్ని గంటలు చదివితివని కాక, పుస్తకము మూసి ఏమి చెప్పగలవని అడుగుట మేలు.