వార్తల్లో పదం: అఫర్డబుల్ హౌసింగ్

సామాన్యుడి ఆదాయానికి అందే ఇల్లే అఫర్డబుల్ హౌసింగ్. అందుతోందా లేదా అన్నది ఎలా తేల్చాలి?

జీఎస్టీ చూసేది ఇంటి ధర, విస్తీర్ణం. హైదరాబాద్ వంటి మెట్రో నగరాల్లో ధర రూ.45 లక్షలు, కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు (సుమారు 645 చదరపు అడుగులు) దాటకూడదు. నిర్మాణంలో ఉన్న అలాంటి ఇంటిపై 2019 ఏప్రిల్ 1 నుంచి పన్ను 1 శాతమే. మిగతావాటిపై 5 శాతం.

పరిశోధకులు చూసేది కుటుంబ ఆదాయం. ఇంటి ఖర్చు అందులో 30 శాతం మించకూడదన్నది పాత సూత్రం. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ దీనికి ప్రయాణ ఖర్చూ కలిపి, రెండూ 45 శాతంలోపు ఉండాలంది.

నెలకు రూ.40 వేలు సంపాదించి, అమీర్‌పేటలో పనిచేసే కుటుంబాన్ని ఊహించండి. ఎల్బీనగర్‌లో అద్దె రూ.14 వేలు, మెట్రోకు రూ.2,500 అయితే మొత్తం 41 శాతం. శివారులో అద్దె రూ.11 వేలే అయినా, రెండు బైకుల పెట్రోలు, వాయిదాలకు రూ.8 వేలు పోతే 47.5 శాతం. పాత సూత్రం శివారుకే ఓటేస్తుంది, కొత్తది ఎల్బీనగర్‌కు.

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వాసులకు తక్కువ ఖర్చుతో ప్రయాణించే వెసులుబాటు దక్కింది. అయితే స్టేషన్ దగ్గరైతే అద్దె పెరుగుతుంది. అందుకే రవాణా మార్గాల వెంటే చిన్న ఇళ్లకు చోటు కేటాయించాలన్నది ప్రణాళికా నిపుణుల వాదన.