టైరు పరిమాణము - మైలేజీ లెక్కింపు

వాహనమునకు తయారీదారు అమర్చిన టైర్లకు బదులుగా వేరొక పరిమాణము గల టైర్లను బిగించినపుడు, ఓడోమీటరు చూపు దూరము నిజముగా ప్రయాణించిన దూరముతో సరిపోదు. మైలేజీ అనగా ప్రయాణించిన దూరమునకు, ఖర్చయిన ఇంధనమునకు గల నిష్పత్తి. కనుక దూరములోని తప్పు మైలేజీ లెక్కలోనికి కూడా వచ్చును. ఇంధన వినియోగములో ఏ మార్పు లేకున్నను, మైలేజీ తగ్గినట్లు గాని పెరిగినట్లు గాని కనిపించుటకు ఇది ఒక ముఖ్య కారణము.

ఓడోమీటరు పనిచేయు విధానము

ఓడోమీటరు దూరమును నేరుగా కొలవదు. చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించి, "ఒక చుట్టుకు ఇంత దూరము" అను స్థిరమైన విలువతో హెచ్చించును. పాత వాహనములలో గేరుబాక్సు నుండి వచ్చు కేబులు, పళ్ళచక్రముల ద్వారా ఈ పని జరిగెడిది. ఆధునిక వాహనములలో సెన్సారు పంపు విద్యుత్ సంకేతముల ద్వారా జరుగుచున్నది. ఆ స్థిర విలువను మొదటి టైరు చుట్టుకొలతను బట్టి నిర్ణయింతురు. టైరు మారినంత మాత్రమున అది దానంతట అది మారదు. గజంబద్ద పొడవు పెరిగిన తరువాత కూడా పాత లెక్కనే గజములు లెక్కించుట ఎటువంటిదో, ఇదియు అటువంటిదే.

డ్యాష్‌బోర్డుపై కనిపించు సగటు మైలేజీకి కూడా ఇదే వర్తించును. దానికి కావలసిన దూరము కూడా చక్రపు చుట్ల లెక్క నుండియే వచ్చును.

టైరు వ్యాసము కనుగొనుట

టైరు ప్రక్కభాగముపై 185/65 ఆర్ 15 వంటి గుర్తు ఉండును. ఇందులో

* 185 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
* 65 అనునది ప్రక్కభాగపు ఎత్తు, వెడల్పులో శాతముగా.
* ఆర్ అక్షరము రేడియల్ నిర్మాణమును తెలుపును.
* 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో.

ప్రక్కభాగపు ఎత్తు రిమ్మునకు పైన, క్రింద రెండుసార్లు వచ్చును. ఒక అంగుళము 25.4 మి.మీ. కనుక ఈ టైరు వ్యాసము:

(15 × 25.4) + (2 × 185 × 0.65) = 381 + 240.5 = 621.5 మి.మీ.

ఇదే విధముగా మరి కొన్ని టైర్ల వ్యాసములు:

* 185/60 ఆర్ 15: 603.0 మి.మీ. (3 శాతము తక్కువ)
* 165/80 ఆర్ 14: 619.6 మి.మీ. (0.3 శాతము తక్కువ)
* 205/65 ఆర్ 15: 647.5 మి.మీ. (4.2 శాతము ఎక్కువ)

రిమ్ము 14 అంగుళముల నుండి 15 అంగుళములకు పెరిగినను, టైరు మొత్తము వ్యాసము దాదాపు మారకుండ ఉండవచ్చునని రెండవ ఉదాహరణ తెలుపుచున్నది. మైలేజీ లెక్కకు ముఖ్యమైనది రిమ్ము గాదు, మొత్తము వ్యాసము.

సవరణ సూత్రము

సవరణ గుణకము = కొత్త టైరు వ్యాసము ÷ పాత టైరు వ్యాసము

నిజమైన దూరము = ఓడోమీటరు చూపిన దూరము × సవరణ గుణకము

లీటరుకు కిలోమీటర్లలో చెప్పు మైలేజీని ఈ గుణకముతో హెచ్చించవలెను. ఐరోపాలో వలె 100 కిలోమీటర్లకు ఇన్ని లీటర్లు అని చెప్పునపుడు మాత్రము భాగించవలెను.

ఉదాహరణ

ఒక కారు 185/65 ఆర్ 15 టైర్లతో 40 లీటర్లకు 620 కి.మీ. నడిచినదనుకొందము. మైలేజీ లీటరుకు 15.5 కి.మీ. తరువాత 205/65 ఆర్ 15 టైర్లు వేయగా, అదే 40 లీటర్లకు ఓడోమీటరు 600 కి.మీ. మాత్రమే చూపినది. పైకి మైలేజీ 15కు పడిపోయినట్లు తోచును. కాని గుణకము 647.5 ÷ 621.5 = 1.042. నిజమైన దూరము సుమారు 625 కి.మీ., నిజమైన మైలేజీ 15.6. అనగా మైలేజీ తగ్గనే లేదు.

దీనికి విరుద్ధముగా 185/60 ఆర్ 15 టైర్లు వేసి, 600 కి.మీ. చూపినచో నిజముగా నడిచినది 582 కి.మీ. మాత్రమే. లీటరుకు 15 అని కనిపించినను నిజమైన మైలేజీ సుమారు 14.6.

అరిగిన టైర్లు

పరిమాణము మార్చకున్నను టైరు అరుగుదల వలన వ్యాసము తగ్గును. గాడి లోతు 8 మి.మీ. నుండి 1.6 మి.మీ.కు తగ్గినచో వ్యాసము 12.8 మి.మీ. తగ్గును. పై 621.5 మి.మీ. టైరునకు ఇది సుమారు 2 శాతము. అరిగిన టైర్లు తీసి అదే కొలత గల కొత్తవి వేసిన వెంటనే మైలేజీ తగ్గినట్లు కనిపించుటకు ఇది కొంతవరకు కారణము. కొత్త టైరు దొర్లుటకు నిరోధము ఎక్కువగుట మరొక కారణము.

నిజముగా కలుగు మార్పులు

సవరణ చేసిన తరువాత మిగిలిన తేడాయే ఇంధన వినియోగములో కలిగిన నిజమైన మార్పు. వ్యాసము పెరిగినచో కిలోమీటరుకు ఇంజను తిరుగు చుట్లు తగ్గును గాని, బండి కదులునపుడును, ఎత్తు ఎక్కునపుడును ఇంజనుపై భారము పెరుగును. బరువైన చక్రములు వేగము పుంజుకొనుటకు ఎక్కువ శక్తిని తీసికొనును. వెడల్పైన టైర్లకు గాలి నిరోధము సాధారణముగా ఎక్కువ.

వేగము, భద్రత

స్పీడోమీటరు కూడా ఇదే లెక్కపై ఆధారపడును. 205/65 ఆర్ 15 టైర్లు వేసిన పై కారులో, మునుపు 80 చూపినపుడు నిజవేగము కూడా 80 అయినచో, ఇప్పుడు అదే అంకె వద్ద నిజవేగము 83 కి.మీ. దాటును. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘపు 39వ నిబంధన ప్రకారము స్పీడోమీటరు నిజవేగము కంటె తక్కువ చూపరాదు. అద్దె కార్లలో కిలోమీటరుకు ఇంత అని చెల్లించునపుడు, చిన్న టైర్లు గాని అరిగిన టైర్లు గాని ఉన్నచో ప్రయాణీకుడు నడవని దూరమునకు కూడా రుసుము చెల్లించినట్లగును.

సరిచూచుకొను పద్ధతి

బరువు పడిన టైరు కొంత నొక్కుకొనుట వలన, దాని నిజమైన చుట్టుకొలత లెక్కకు వచ్చిన దాని కంటె కొద్దిగా తక్కువ ఉండును. ప్రత్యక్షముగా కొలుచుటకు, గాలి సరిగా నింపిన టైరుపై సుద్దతో గుర్తు పెట్టి, బండిని తిన్నగా పది చుట్లు కదిపి, నేలపై దూరమును టేపుతో కొలిచి పదితో భాగించవలెను. మరియొక పద్ధతి, జాతీయ రహదారిపై కిలోమీటరు రాళ్ళను బట్టి గాని, జీపీఎస్ సాయముతో గాని 50 కి.మీ. నడిపి, ఆ దూరమును ఓడోమీటరు చూపిన దూరముతో భాగించుట. ఇంధనమును ప్రతిసారి ట్యాంకు నిండుగా పోయించి, మూడు నాలుగు పర్యాయముల సగటు తీసికొన్నచో ఫలితము నమ్మదగినదిగా ఉండును.

ఇవి కూడా చూడండి

* టైరు
* ఓడోమీటరు
* స్పీడోమీటరు