ఇంటర్వ్యూ అయ్యాక రాసే నాలుగు వాక్యాలు

సికింద్రాబాద్ పక్కనున్న యాప్రాల్ నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ బయల్దేరేవాళ్లకు ఒక దారి శామీర్‌పేట మీదుగా జీనోమ్ వ్యాలీకి పోతుంది. అక్కడి ఫార్మా కంపెనీలు క్వాలిటీ కంట్రోల్ పోస్టులకు వాక్-ఇన్‌లు పెడతాయి. ఫైలు పట్టుకుని గంటల తరబడి వరసలో నిలబడి, లోపల పావుగంట మాట్లాడి, "మేమే ఫోన్ చేస్తాం" అనిపించుకుని బస్సెక్కేస్తే పని అయిపోయిందనుకుంటాం. ఆ రాత్రో మర్నాడో ఇంటర్వ్యూ చేసినవారికి చిన్న మెయిల్ రాయాలని నేనంటాను. మర్యాద ఎలాగూ ఉంది. అంతకు మించి, లోపల సగంలో ఆగిపోయిన మాటను పూర్తి చేసుకునే వీలు అభ్యర్థికి దానితోనే దొరుకుతుంది.

మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో, గ్రాఫ్ మీది పీకు తోక సాగితే (పీక్ టెయిలింగ్) ఏం చేస్తారని అడిగారనుకోండి. కంగారులో "కాలమ్ మారుస్తానండి" అని ఊరుకున్నారు. ఇంటికొచ్చాక మిగతాది గుర్తొస్తుంది. అప్పుడు ఇలా రాయొచ్చు: "సర్, నిన్న నాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు. పీక్ టెయిలింగ్ ప్రశ్నకు నా జవాబు అసంపూర్తిగా ఉంది. ముందు మొబైల్ ఫేజ్ పీహెచ్, ఇంజెక్ట్ చేసిన శాంపిల్ మోతాదు సరిచూసి, అప్పటికీ కుదరకపోతేనే కాలమ్ మారుస్తాను. స్టెబిలిటీ విభాగం గురించి మీరు చెప్పాక ఈ పని మీద ఆసక్తి ఇంకా పెరిగింది." ఫలితం ఎప్పుడని అడగలేదు, ఇంటి కష్టాలు చెప్పుకోలేదు. ల్యాబ్ రికార్డులో పొరపాటు పడితే ఎవరూ చెరిపేయరు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేస్తారు. ఈ మెయిల్ చేసేదీ ఆ పనే. అలా దిద్దుకునే మనిషే ల్యాబ్‌కు కావాలి.

దీన్ని కాకా పట్టడం అంటారు కొందరు. సిఫార్సులతో విసిగిన సమాజంలో ఆ అనుమానం రావడం సహజమే. కానీ సిఫార్సు చాటుగా, ఇంకొకరి నోటితో నడుస్తుంది. ఈ మెయిల్ మన పేరుతో, మనకు తెలిసిన విషయంతో వెళ్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల సంగతి మాత్రం పూర్తిగా వేరు. యూపీఎస్సీ వంటి సంస్థల ఎంపికలో బోర్డు సభ్యులను ఏ రకంగా ప్రభావితం చేయబోయినా అనర్హత వేటు పడుతుంది, పడాలి కూడా. అక్కడ కలం ముట్టుకోకూడదు.

రాసినా ఎవరు పట్టించుకుంటారన్నది ఇంకో మాట. మనుషుల ప్రవర్తనపై పరిశోధించే ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి చూడండి. ఒక విద్యార్థి ఉద్యోగ దరఖాస్తు లేఖను కొందరి చేత దిద్దించి, ఇంకో లేఖ కూడా చూసిపెట్టమని మెయిల్‌లో అడిగించారు. దిద్దినది అందిందని మాత్రమే చెప్పి అడిగితే 32 శాతం మంది సాయపడ్డారు. కృతజ్ఞత కూడా చెప్పి అడిగితే 66 శాతం. ఇది ఉద్యోగాలు వస్తాయని రుజువు చేయదు. చదివే మనిషి ఆ మాటకు కదులుతాడని మాత్రం చెబుతుంది. అమ్మ అన్నం పెడితే మనం థాంక్స్ చెప్పం, చెబితే పరాయివాళ్లను చేసినట్టుంటుంది. ఇంటర్వ్యూ గదిలో కలిసింది పరాయివాళ్లే కాబట్టి అక్కడ నోరు తెరిచి చెప్పాల్సిందే. ఇక చాట్‌బాట్ రాసిచ్చే ఉత్తుత్తి ధన్యవాదాలు అందరివీ ఒకేలా ఉంటాయి. ఆ గదిలో జరిగిన సంభాషణ మాత్రం మీకే తెలుసు.

యాప్రాల్, సైనిక్‌పురి వైపు స్థిరపడిన మాజీ సైనికులకు ఇలాంటి మెయిల్ మరీ అవసరమనిపిస్తుంది. జవాన్లు చాలామంది నలభై ఏళ్లు దాటకముందే పింఛనుతో బయటికొచ్చి రెండో ఉద్యోగం వెతుక్కుంటారు. "క్వార్టర్‌మాస్టర్ స్టోర్స్ చూశాను" అంటే గిడ్డంగి మేనేజరుకు అందులోని బరువు అందదు. ఎంత మందికి సరిపడా సరుకు లెక్క ఎన్నేళ్లు తన చేతిమీదుగా నడిచిందో, ఆడిట్ ఎలా ఎదుర్కొన్నాడో మర్నాడు నాలుగు వాక్యాల్లో రాస్తే అందుతుంది. ఎవరైనా సరే, ఇంటర్వ్యూ చేసినవారి మెయిల్ ఐడీని లేచి వచ్చేటప్పుడే అడగాలి. ఇవ్వకపోతే ఇంటర్వ్యూకి పిలిచిన హెచ్‌ఆర్‌కే పంపి, వారికి అందజేయమనాలి. జవాబు రాకపోతే వారం పదిరోజులాగి ఒక్కసారి గుర్తుచేయొచ్చు. మూడోసారి వద్దు.