వార్తల్లో పదం: ప్లేలిస్టు, ఫేవరిట్లు

గృహసంగీత యంత్రములు గ్రామఫోను రికార్డులను, క్యాసెట్లను దాటి డిజిటల్ భాండారముల నాశ్రయించిన పిదప, పాటలు చాలవను చింత తొలగి, వేలకొలది పాటలలో కోరినదానిని పట్టుకొనుట యెట్లను చింత శ్రోతకు మొదలైనది. దానికి సమాధానముగా ఏర్పడినవే ప్లేలిస్టు, ఫేవరిట్లు అను రెండు సదుపాయములు.

ప్లేలిస్టు అనగా ఒకదాని వెంట నొకటి వినబడవలెనని శ్రోత కూర్చుకొనిన పాటల వరుస. అందు పాటలు నిక్షిప్తమై యుండవు; అవి యెచ్చట నున్నవో తెలుపు చిరునామాలు మాత్రమే యుండును. 1990ల నుండి ప్రచారములో నున్న ఎం3యు ఫైలు కేవలము అక్షరములతో కూడిన అట్టి చిన్న పట్టికయే. కావుననే మూలమైన పాటను వేరొక ఫోల్డరునకు మార్చినచో, పట్టికలో పేరు నిలిచియున్నను పాట పలుకదు. పట్టికను తుడిచివేసినను పాటకు హాని లేదు.

ఫేవరిట్లయందు వరుస ప్రధానము కాదు, సత్వరముగా చేరుటయే ప్రధానము. 2002లో కాలిఫోర్నియాలో స్థాపితమైన సోనోస్ సంస్థవారి గృహసంగీత వ్యవస్థలో ఆల్బమునైనను, రేడియో స్టేషనునైనను, తుదకు ఒక ప్లేలిస్టునైనను ఫేవరిటుగా గుర్తించి, పిమ్మట వెదకులాట లేకయే తెరువవచ్చును. ప్రస్తుతము మ్రోగుచున్న వరుసను క్యూ అందురు. అది తాత్కాలికము గనుక, నచ్చినచో ప్లేలిస్టుగా భద్రపరచుకొనవలెను.

క్రమము ముఖ్యమైన చోట ప్లేలిస్టును, త్వర ముఖ్యమైన చోట ఫేవరిటును వాడుకొనుడు. సొంత పాటల ఫైళ్లకు మాత్రము వేరొక డిస్కులో నకలు నుంచుకొనుట మరువకుడు.