గుండె బాగానే ఉంది... నొప్పి మాత్రం నిజం!

ఎచ్చెర్ల: ఎడమ రొమ్ము పక్కన చురుక్కుమంటే చాలు, మనిషికి గుబులు పట్టుకుంటుంది. గుండెపోటు వచ్చేసిందని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఆసుపత్రికి పరుగెడితే ఇ.సి.జి. తీసి, రక్తపరీక్ష చేసి, గుండెకు ఏమీ లేదని డాక్టరు చెబుతారు. నొప్పి మాత్రం పోదు. మర్నాడు మళ్ళీ వస్తుంది. గుండె బాగుంటే ఈ నొప్పి ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టదు.

ఎచ్చెర్ల మండలంలో రెక్కల కష్టం మీద బతికేవారే ఎక్కువ. ఒక పక్క వరి పండించే రైతులు, కూలీలు. మరో పక్క బుడగట్లపాలెం వంటి తీర గ్రామాల్లో వల లాగే మత్స్యకారులు. బస్తాలు మోసే కళాసీలు సరేసరి. ఇలాంటి పనులు చేసేవారికి రొమ్ము గోడలో నొప్పి రావడం వింత కాదు. దాన్ని పోల్చుకోవడంలోనే చిక్కంతా ఉంది. గుండె నొప్పిని గ్యాస్ అనుకుని, సోడా తాగి పడుకున్నవారు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. పక్కటెముక నొప్పిని గుండె జబ్బు అనుకున్నవారు పని మాని, అప్పు చేసి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. ఈ రెండూ నష్టమే.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

మనిషికి 12 జతల పక్కటెముకలు ఉంటాయి. వీటిలో పైన ఉన్న 7 జతలు ముందు వైపున రొమ్ము ఎముకకు నేరుగా అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు దగ్గర ఉండేది గట్టి ఎముక కాదు, వంగే మెత్తని ఎముక. చెవి డొప్పను తడిమి చూసుకుంటే అది ఎలాంటిదో తెలుస్తుంది. ఈ అతుకుల దగ్గర రాపిడి పుట్టి మంట పెడితే వచ్చేదే ఈ నొప్పి. డాక్టర్లు దీన్ని కాస్టోకాండ్రైటిస్ అంటారు. ఎక్కువగా రెండో పక్కటెముక నుంచి ఐదో ఎముక వరకు వస్తుంది. 40 ఏళ్ళు దాటినవారిలో, అందులోనూ ఆడవారిలో ఎక్కువ.

ఇలాంటిదే మరొకటి ఉంది. అందులో నొప్పితో పాటు అతుకు మీద వాపు కూడా పైకి కనిపిస్తుంది. 1921లో అలెగ్జాండర్ టీట్జే అనే జర్మన్ సర్జన్ దీన్ని వివరించాడు. ఆయన పేరు మీదే దీన్ని టీట్జే వ్యాధి అంటున్నారు. ఇది చిన్న వయసు వారికీ వస్తుంది.

అలవాటు లేని బరువు ఒక్కసారిగా ఎత్తడం, రోజుల తరబడి దగ్గడం, రొమ్ముకు దెబ్బ తగలడం - వీటి వల్ల ఈ నొప్పి రావచ్చు. ఏ కారణమూ కనిపించకుండా వచ్చేదీ ఎక్కువే. కాలు బెణికితే నాలుగు రోజులు కదపకుండా ఉంచుతాం. రొమ్ము ఎముకలకు ఆ వీలు లేదు. నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసే మనిషి రోజుకు 21,600 సార్లు ఆ అతుకులను కదిపినట్లే. అందుకే ఈ నొప్పి త్వరగా మానదు. కొందరికి వారాల్లో తగ్గుతుంది, కొందరికి నెలలు పడుతుంది. తగ్గినట్లే తగ్గి మళ్ళీ రావడమూ ఉంది.

తేడా ఎలా తెలుస్తుంది?

రొమ్ము గోడ నొప్పి ఉన్నవారు చాలామంది 'ఇదిగో ఇక్కడే' అని ఒక్క వేలితో చూపించగలరు. అక్కడ నొక్కితే నొప్పి ఎక్కువవుతుంది. దగ్గినా, తుమ్మినా, గట్టిగా ఊపిరి పీల్చినా, పక్కకు ఒత్తిగిలినా, చెయ్యి పైకెత్తినా పొడిచినట్లుంటుంది.

గుండె నొప్పి తీరు వేరు. రొమ్ము మధ్యలో బండరాయి పెట్టినట్లు, ఎవరో బిగించి పిండినట్లు ఉంటుంది. చోటు ఇదీ అని వేలితో చూపించలేరు, అరచెయ్యి అంతా పెట్టి చూపిస్తారు. నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకుతుంది. చెమటలు పోస్తాయి. ఆయాసం, వాంతి, కళ్ళు తిరగడం ఉండవచ్చు. నడిస్తే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి కూడా గుండెదే కావచ్చు.

అయితే ఈ గుర్తులు చూసుకుని ఇంట్లోనే తీర్పు చెప్పుకోకూడదు. నొక్కితే నొప్పి పుట్టినంత మాత్రాన గుండె మంచిదని రూఢి కాదు. గుండెపోటు వచ్చిన వారిలోనూ కొద్దిమందికి నొక్కితే నొప్పి ఉంటుంది. షుగరు ఉన్నవారికి, ముసలివారికి, ఆడవారికి గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా, వట్టి ఆయాసంతోనో నీరసంతోనో వస్తుంది. మొదటిసారి తీసిన ఇ.సి.జి.లో గుండెపోటు కనిపించకపోవడమూ ఉంది. అందుకే డాక్టర్లు కొన్ని గంటల తర్వాత మళ్ళీ ఇ.సి.జి. తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేయిస్తారు. ఆ రెండో పరీక్ష దాకా ఆగకుండా ఇంటికి వచ్చేయడం మంచిది కాదు.

రొమ్ము నొప్పి మొదటిసారి వచ్చినా, వెనకటి నొప్పి కంటే వేరుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 2005లో మొదలైన 108 అంబులెన్సు ఫోను చేస్తే వస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు. పక్కనే శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. జనం నోట్లో నానే పేరు రిమ్స్. మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం కంటే అంబులెన్సు మేలు.

మాత్రలతో జాగ్రత్త

గుండెకు ఏమీ లేదని తేలాక జనం చేసే పెద్ద పొరపాటు మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని వాడటం. నొప్పి నెలల తరబడి ఉంటుంది కనుక బిళ్ళలూ నెలల తరబడి నడుస్తాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి నొప్పిని తగ్గిస్తాయి. కానీ మూత్రపిండాలకు రక్తం అందడాన్ని కూడా తగ్గిస్తాయి. కడుపులో పుండు చేస్తాయి, రక్తపోటు పెంచుతాయి. ఎక్కువ కాలం వాడితే గుండెకే ముప్పు తెస్తాయి.

శ్రీకాకుళం జిల్లాలో ఈ మాట మరీ గట్టిగా చెప్పుకోవాలి. ఉద్దానంలో ఊళ్ళకు ఊళ్ళు మూత్రపిండాల జబ్బుతో కుంగిపోయాయి. దాని అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించే దాకా వచ్చింది పరిస్థితి. ఇలాంటి జిల్లాలో, మండుటెండలో చెమటోడ్చి పనిచేసే మనిషి డాక్టరుకు చెప్పకుండా రోజూ నొప్పి బిళ్ళ మింగడం చేజేతులా ముప్పు తెచ్చుకోవడమే. షుగరు, బి.పి. ఉన్నవారు మరీ జాగ్రత్త పడాలి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడుకోవచ్చు. పైన రాసుకునే నొప్పి మందూ పనిచేస్తుంది. ఎంతకీ తగ్గని వారికి ఆ అతుకు దగ్గరే ఇంజెక్షను ఇస్తారు.

ఉప్పు మూటతోనో, వేడినీళ్ళ సీసాతోనో కాపడం పెడితే హాయిగా ఉంటుంది. చర్మం కాలకుండా మధ్యన గుడ్డ వేసుకోవాలి. వాతలు పెట్టించడం మాత్రం కూడదు. నొప్పి మానకపోగా పుండు మిగులుతుంది. దగ్గు ఉంటే ముందు దగ్గుకు వైద్యం చేయించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష తప్పనిసరి. చుట్ట, బీడీ, అడ్డపొగ మానితే దగ్గూ తగ్గుతుంది, గుండెకూ మంచిది.

నాటకం కాదు

పని పూర్తిగా మానుకుని మంచాన పడనక్కరలేదు. పని తీరు మార్చుకుంటే చాలు. ఒక్కసారి ఎత్తే బరువు రెండుసార్లుగా ఎత్తాలి. నిండు బిందె నెత్తికెత్తుకునేటప్పుడు మరొకరి సాయం తీసుకోవాలి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. వల లాగేటప్పుడు, కట్టెలు కొట్టేటప్పుడు మధ్యమధ్య ఆగాలి. దగ్గు వచ్చినప్పుడు దిండును రొమ్ముకు అదుముకుంటే అదురు తగ్గుతుంది. నొప్పి తగ్గుముఖం పట్టాక గుమ్మం దగ్గర నిలబడి, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి, నెమ్మదిగా ముందుకు వంగితే బిగిసిన రొమ్ము కండరాలు సడలుతాయి. నొప్పి పెరిగితే ఆపేయాలి.

ఈ జబ్బులో నొప్పి కంటే భయం ఎక్కువ బాధ పెడుతుంది. భయపడితే ఊపిరి వేగమవుతుంది, రొమ్ము కండరాలు బిగుస్తాయి, నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగితే మళ్ళీ భయం. డాక్టరు ఒకసారి అన్నీ చూసి గుండె మంచిదని చెప్పాక ఆ మాట నమ్మాలి. పరీక్ష కాగితాలన్నీ ఒక సంచిలో భద్రపరచుకోవాలి. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళవలసివస్తే అవి పనికివస్తాయి.

ఇంట్లోవారు తెలుసుకోవలసిన సంగతీ ఉంది. పరీక్షల్లో ఏమీ లేదని తేలగానే 'పని తప్పించుకోవడానికి వేషాలు' అనేవారున్నారు. ముఖ్యంగా కోడళ్ళు ఈ మాట పడుతుంటారు. గుండెకు జబ్బు లేదంటే నొప్పి లేదని కాదు. ఆ అతుకు మీద వేలు పెట్టి నొక్కితే తెలుస్తుంది నొప్పి ఎంత నిజమో. నాలుగు వారాలు బరువు పనులు ఇంట్లో మరొకరు అందుకుంటే సగం వైద్యం అయినట్లే. నొప్పి తీరు మారినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం 'ఎప్పుడూ ఉండేదే కదా' అని ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.