ప్రోస్టేట్ క్యాన్సర్: గడ్డలో ఇమ్యూన్ సెల్స్ ఎక్కువుంటే మంచిదేనా? లక్షలు పెట్టి ఇంజెక్షన్ వేయించే ముందు ఇది తెలుసుకోండి

హైదరాబాద్ బర్కత్‌పురలోని పీఎఫ్ ఆఫీసుకు పెన్షన్ పని మీద వచ్చేవాళ్లలో అరవై దాటిన మగవాళ్లు చాలామందే కనిపిస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా బయటపడేదీ ఈ వయసులోనే. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నా 'వయసైపోయింది కదా' అని సర్దుకుపోయేదీ వీళ్లే. చాలామందిలో అది మామూలు ప్రోస్టేట్ పెరుగుదలే. కానీ ఆ మాట డాక్టర్ చెప్పాలి, మనం అనుకుంటే సరిపోదు.

ఒకవేళ క్యాన్సర్ అని తేలితే? ఇంట్లో పిల్లలు వెంటనే ఫోన్లు పట్టుకుంటారు. 'ఇమ్యునోథెరపీతో ముదిరిన క్యాన్సర్ కూడా మాయం' అనే వీడియో ఎవరో ఒకరు పంపిస్తారు. ఫ్లాట్ అమ్మైనా సరే నాన్నకు ఆ ఇంజెక్షన్ వేయిద్దాం అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మన ఒంట్లో టీ సెల్స్ అనే రోగనిరోధక కణాలు ఉంటాయి. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపడం వీటి పనుల్లో ఒకటి. క్యాన్సర్ వీటికి బ్రేకులు వేస్తుంది. ఆ బ్రేకులు తీసే దారి చూపినందుకే అమెరికాకు చెందిన జేమ్స్ అలిసన్, జపాన్‌కు చెందిన తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. చర్మానికి వచ్చే మెలనోమాలో, పెద్దపేగు క్యాన్సర్‌లో గడ్డ లోపల టీ సెల్స్ ఎక్కువుంటే రోగి ఎక్కువకాలం బతికే అవకాశాలు మెరుగ్గా ఉన్నట్టు తేలింది.

మరి ప్రోస్టేట్‌లో? ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఈ గడ్డల్లో జన్యుమార్పులు తక్కువ. దాంతో టీ సెల్స్‌కి 'వీడు శత్రువు' అని గుర్తుపట్టే ఆనవాళ్లు పెద్దగా దొరకవు. డాక్టర్లు వీటిని 'కోల్డ్ ట్యూమర్స్' అంటారు. పైగా లోపలికి చేరిన కణాలన్నీ మనవైపే ఉంటాయని లేదు. ట్రెగ్స్ అనే రకం మిగతా టీ సెల్స్‌ని ఆపేస్తాయి. మాక్రోఫేజ్‌లు కొన్ని గడ్డకే సాయం చేస్తాయి, దానికి కొత్త రక్తనాళాలు పుట్టేలా చూస్తాయి. కాపలాకి పెట్టినవాడే దొంగకి తలుపు తీసినట్టు! అందుకే కణాలు ఎక్కువున్నవాళ్లకి మేలు జరిగిందని కొన్ని పరిశోధనలు చెబితే, వాళ్లలోనే క్యాన్సర్ త్వరగా తిరగబెట్టిందని మరికొన్ని చెప్పాయి.

మందుల్లోనూ ఇదే కనిపించింది. బ్రేకులు తీసే పెంబ్రోలిజుమాబ్‌ను కీమో అయిపోయిన ప్రోస్టేట్ రోగుల మీద పరీక్షిస్తే, గడ్డ చెప్పుకోదగ్గంతగా తగ్గింది 100 మందిలో సుమారు ఐదుగురికే. రోగి రక్తంలోని కణాలనే బయటకు తీసి, తర్ఫీదు ఇచ్చి మళ్లీ ఎక్కించే సిప్యులూసెల్-టి చికిత్సకు 2010లో అమెరికా అనుమతి ఇచ్చింది. దాంతో సగటు ఆయుష్షు 21.7 నెలల నుంచి 25.8 నెలలకు పెరిగింది. అంటే నాలుగు నెలలు. తక్కువేం కాదు, కానీ వీడియోల్లో చూపించే అద్భుతం మాత్రం కాదు.

అలాగని ఎవరికీ పనిచేయదని కాదు. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో సుమారు 3 శాతం మందికి డీఎన్‌ఏ తప్పుల్ని సరిదిద్దే వ్యవస్థే చెడిపోయి ఉంటుంది. వీళ్ల గడ్డలో మార్పులు బోలెడు కాబట్టి టీ సెల్స్ సులువుగా పసిగడతాయి. ఇలాంటి వాళ్లలో కొందరికి ఫలితం చాలా బాగుంటుంది. ఈ లోపం ఉందో లేదో ఎంఎస్‌ఐ లేదా ఎంఎంఆర్ అనే టెస్టులో తెలుస్తుంది. బయాప్సీలో తీసిన ముక్క మీదే చేస్తారు. అందుకే బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు ఆస్పత్రి నుంచి అడిగి తీసుకుని జాగ్రత్త చేయండి.

ఎవరైనా ఇమ్యునోథెరపీ అంటే ముందు ఒకటే అడగండి.. 'డాక్టర్ గారూ, ఎంఎస్‌ఐ టెస్ట్ అయ్యిందా, అందులో ఏం వచ్చింది?' జవాబు సరిగా రాకపోతే ఇంకో డాక్టర్‌ని కలవండి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, బర్కత్‌పుర నుంచి పెద్ద దూరమేం కాదు. క్యాన్సర్ ప్రోస్టేట్ దాటకముందే దొరికితే సర్జరీ, రేడియేషన్‌తోనే చాలామంది కోలుకుంటారు. ముదిరినా హార్మోన్ చికిత్స ఉంది. ఇక పీఎస్‌ఏ రక్తపరీక్షలో 4 దాటిందని కంగారు పడొద్దు, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. రిపోర్టు తీసుకుని యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.