అన్నంతో లోనికి పోయిన శల్యం

‘శల్యం’ అనగానే భక్తులలో చాలామందికి భారతంలోని మద్రరాజు స్ఫురిస్తాడు. ఆయుర్వేదంలో ఆ మాటకు అర్థం వేరు. శరీరంలో ఉండకూడనిదై, చొచ్చి బాధించే ప్రతి వస్తువూ శల్యమే. దానిని తీసివేసే విద్య గనుకనే శస్త్రచికిత్సకు శల్యతంత్రమని పేరు.

శల్యం బయటి నుండే గుచ్చుకోనక్కరలేదు. చరకుడు ఉదరరోగాల అధ్యాయంలో ఛిద్రోదరానికి చెప్పిన కారణాలు చూడండి: ఇసుకరాయి, గడ్డి, కట్టెపుల్ల, ఎముక, ముల్లు. ఇవి అన్నంతో కలిసి లోనికి పోయి పేగును చీలుస్తాయి. ఆ రంధ్రం గుండా స్రవించిన రసంతో పొట్ట పెరుగుతుంది. దీనినే సుశ్రుతుడు పరిస్రావి అన్నాడు. వెంట్రుకలు, రాళ్లు అడ్డుపడి మలం, వాయువు నిలిచిపోతే అది బద్ధగుదం. నేటి వైద్యులు పేగుకు చిల్లు, పేగులో అడ్డంకి అంటున్నవి దాదాపు ఇవే.

మింగిన వస్తువులలో అధికభాగం కొద్ది రోజులలో మలంతో వెళ్లిపోతాయన్నది నిజం. అయితే చిన్న పేగు సుమారు 6 మీటర్ల దారి. అది పెద్ద పేగును కలిసే చోటు, పొట్టకు కుడివైపు దిగువన, ఇరుకుగా ఉంటుంది. మొన గలవి అక్కడ గుచ్చుకోవడం ఎక్కువ. పక్కనే అపెండిక్స్ ఉండడం వల్ల ఆ నొప్పిని అపెండిక్స్ నొప్పిగా భ్రమపడే అవకాశమూ ఉన్నది.

అన్నప్రసాదం స్వీకరించే మనకు దగ్గరి ఉదాహరణ విస్తరి. ఆకులను కలిపి కుట్టే సన్నని పుల్ల విరిగి అన్నంలో కలిస్తే కంటికి ఆనదు. కట్టుడు పళ్లు పెట్టుకొన్న నావంటి వృద్ధులకు అంగిట స్పర్శ తక్కువ, మింగినట్లే తెలియదు. నొప్పి కొన్ని రోజులకు, ఒక్కొక్కప్పుడు వారాలకు బయటపడుతుంది. కర్రముక్క ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు, సి.టి. స్కాన్ కావాలి. అందుచేత వైద్యుడు అడగకపోయినా, ఫలానా రోజు విస్తరిలో భుజించాను, గొంతులో ఏదో గీసుకొన్నట్లయింది అని చెప్పడం రోగి పని. ఆ ఒక్క మాటతో వైద్యునికి దారి దొరకవచ్చు.

పిల్లల సంగతి వేరు. ముడుపు నాణెం, తాయెత్తుకు గుచ్చిన పిన్నీసు, ఏది చేతికందినా నోటికే. నాణెం చాలావరకు దిగిపోతుంది. బొమ్మలలోని బిళ్ల బ్యాటరీ అన్నవాహికలో చిక్కితే 2 గంటలలోనే గోడను కాల్చివేయగలదు. అయస్కాంతపు గుళికలు ఒకటికి మించి మింగితే అవి వేర్వేరు పేగు మడతలలో నుండి ఒకదానినొకటి లాగుకొంటాయి; నడుమ నలిగిన పేగుగోడకు రక్తమందక చిల్లు పడుతుంది. చరకుని జాబితాలో ఇవి లేవు. ఆ కాలపు పిల్లలకు ఇటువంటి బొమ్మలు లేవు మరి!

ఇక గృహవైద్యం. అరటిపండ్లు తినిపించడం, ఆముదం పట్టడం, గొంతులో వేలు పెట్టి కక్కించడం నేటికీ వింటూనే ఉన్నాను. మన శాస్త్రాలున్నాయి కదా అని నాతో వాదించినవారూ ఉన్నారు. ఆ శాస్త్రం చెప్పినదేమిటి? బొడ్డు దిగువన ఎడమవైపు పొట్ట కోసి, పేగును వెలికి తీసి, శల్యాన్ని తొలగించి, చీలిక అంచులను నల్లచీమలచేత కరిపించి, వాటి తలలను అక్కడే ఉంచి, పొట్టను కుట్టమని సుశ్రుతుడు విధించాడు. చరకుడైతే ఇది కర్మలో ఆరితేరిన శల్యవైద్యుల పని అని వారికే విడిచిపెట్టాడు. చరకుడే తాను చేయనన్న పనిని మనం ఆముదం సీసాతో చేయబూనడం శాస్త్రగౌరవం కాదు.

తెరపిలేని కడుపునొప్పి, వాంతులు, జ్వరం, పొట్ట ఉబ్బు, అపానవాయువైనా వెడలకపోవడం, మలంలో రక్తం లేదా మలం నల్లబడడం - వీటిలో ఏది కనబడినా శస్త్రవైద్యులున్న ఆసుపత్రికి వెళ్లాలి. బ్యాటరీ, అయస్కాంతం, మొన గల వస్తువు మింగారని తెలిస్తే ఈ లక్షణాలకై వేచి ఉండరాదు. వైద్యుడు చూసేవరకు ఆహారమేమీ పెట్టకండి. అటువంటిదే మరొక పిన్నీసో, బ్యాటరీయో, ఆ బొమ్మ పెట్టెయో ఇంట్లో ఉంటే వెంట తీసుకొనిపోండి; దాని కొలత, రకం చూసి వైద్యుడు త్వరగా నిర్ణయించగలడు.